నిన్నటిదాకా తిన్నాడుగా!

పొద్దున్న ఆరింటికే వాడు లేచి కూర్చున్నాడు. మామూలుగా అయితే దుప్పటి లాగితే గానీ లేవడు. "అమ్మా, ఇవాళ సూదులు గుచ్చుతారా?" అన్నాడు. గుచ్చరురా, గీరుతారంతే అన్నాను. గీరి చూపించమన్నాడు. చేతిమీద గోరుతో చిన్నగా గీరాను. "ఇంతేనా" అని మళ్ళీ ముసుగు తన్నాడు. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు.

వారం నుంచి అలర్జీ సిరప్ ఆపేశాం. అది ఒంట్లో ఉంటే ఇవాళ్టి అలర్జీ పరీక్షలో ఏమీ తేలదట. ఆ వారమంతా వాడు గోక్కుంటే చాలు, నా గుండె గుభేలుమనేది. దోమ కుట్టినా సరే.

మూడు వారాల కిందటి సంగతి ఈ డైరీలో రాయలేదు. రాయబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం జీడిపప్పు బిస్కెట్లు రెండు తిన్నాడు. పది నిమిషాలకి పెదవి దురదగా ఉందన్నాడు. కాసేపటికే మెడ నిండా దద్దుర్లు, పై పెదవి ఉబ్బిపోయింది. నా అనుమానం కొత్త చొక్కా మీదికి పోయింది, ఉతక్కుండా తొడిగాను కదా అని. వెంటనే విప్పేశాను. మా ఆయన సబ్బు అన్నారు. అత్తయ్యేమో ఏదో పురుగు పాకి ఉంటుందన్నారు. ముగ్గురం కలిసి పక్క కూడా దులిపాం! జీడిపప్పు మాట ఒక్కరమూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతాం? వాడికి ఏడేళ్ళు. రెండేళ్ళప్పటి నుంచీ తింటున్నాడు. డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు పట్టుకుని పారిపోయే రకం.

వాంతి చేసుకుని, ఆగకుండా దగ్గడం మొదలుపెట్టాక ఆసుపత్రికి పరుగెత్తాం. వెళ్ళగానే తొడకి ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఏం తిన్నాడని అడిగితే, "కొత్తదేమీ తినలేదండీ" అన్నాను, ఎంతో నమ్మకంగా. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయి రాస్తున్నది ఆపి, "సరే, పాతదేం తిన్నాడు?" అంది.

ఇవాళ్టి పరీక్ష అంత కష్టమేమీ కాలేదు. ముంజేతి లోపలివైపు పెన్నుతో అంకెలు వేశారు. ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క మందు, చుక్క మీద సన్నటి మొనతో చిన్న పోటు. పదిహేను నిమిషాలు గోక్కోకుండా ఉండాలి. వాడు చెయ్యి చాపుకుని గడియారం వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను నాలుగో అంకె వైపు చూస్తున్నాను. ముందు ఎర్రబడింది. తర్వాత మధ్యలో తెల్లగా, అంచులు వంకర తిరిగిన చిన్న దిబ్బలా లేచింది. దాని పక్కనున్న అయిదోదీ లేచింది. నాలుగు జీడిపప్పు, అయిదు పిస్తా. పిస్తా వాడు సరిగ్గా తిన్నదే లేదు. రెండూ ఒకే కుటుంబం, ఒకటి పడకపోతే రెండోదీ చాలామందికి పడదు అన్నారు డాక్టరుగారు. చిన్న స్కేలుతో కొలిచి మిల్లీమీటర్లు రాసుకున్నారు. "నా కొండలు ఎంతెత్తున్నాయి?" అని వీడి ఆరా.

ఇన్నేళ్ళు తిన్నవాడికి ఇప్పుడెందుకు వచ్చింది? నా ప్రశ్నల్లో ఇదే మొదటిది. అసలు ఎన్నడూ లోపలికి వెళ్ళనిదానికి అలర్జీ అంత సులువుగా రాదట. ఒళ్ళు ఒకసారి దాన్ని చూసి, శత్రువని పొరబడి, ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంటుంది. ఆ తయారీ జరుగుతున్నన్నాళ్ళూ బయటికి ఏమీ కనిపించదు. వీడి విషయంలో అది ఎప్పుడు మొదలైందో, ఎందుకో చెప్పలేనన్నారు. చంటిప్పుడు ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి పగిలి దురదపెట్టే జబ్బు, ఉండేదా అని మాత్రం అడిగారు. ఉండేది, మోచేతి మడతల్లో రక్తం వచ్చేలా గోక్కునేవాడు. నోటి ద్వారా వెళ్ళిన తిండిని ఒళ్ళు మామూలుగా తనదనుకుంటుందట, పగిలిన చర్మం మీదుగా వెళ్ళిన తిండిని మాత్రం అనుమానించవచ్చట.

బయట కూర్చున్నప్పుడు ఫోన్‌లో చదివాను. 1902లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు కుక్కలకి సముద్రపు ఎనిమోని (పువ్వులా కనిపించే ఒక సముద్రజీవి) విషం ఎక్కించి, అలవాటు చేద్దామనుకున్నారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత అదే విషం మళ్ళీ ఎక్కిస్తే అరగంటలోపే చనిపోయింది. ఒళ్ళంతా ఒక్కసారిగా తిరగబడే ఇలాంటి తీవ్రమైన అలర్జీకి అనఫిలాక్సిస్ అన్న పేరు అప్పుడు పుట్టిందే. రిషేకి 1913లో నోబెల్ వచ్చింది. ఆ కుక్క మీద జాలేసి ఇంకేమీ చదవలేదు.

అసలు చీవాట్లు ఆ తర్వాత పడ్డాయి. ఈ మూడు వారాలూ నేను పాలు, గుడ్డు, వేరుశెనగ, బాదం అన్నీ మాన్పించేశాను. ఎందుకైనా మంచిదని. ఇంకో పద్నాలుగు వస్తువుల జాబితా తీసి, వీటికీ పరీక్ష చేయండి అన్నాను. డాక్టరుగారు అందులో పది కొట్టేశారు. హాయిగా తిని అరిగించుకుంటున్నవాటికి పరీక్ష దేనికి అన్నారు. దిబ్బ లేచినంత మాత్రాన అలర్జీ అని కాదట. దిబ్బ లేచినా ఏ ఇబ్బందీ లేకుండా తినే పిల్లలు బోలెడుమంది. పైగా ఎగ్జిమా ఉన్న పిల్లలకి నెలల తరబడి పాలు మాన్పించి, మళ్ళీ మొదలుపెడితే, అంతకుముందు లేని అలర్జీ తగిలిన సందర్భాలున్నాయట. "జీడిపప్పు, పిస్తా మానేయండి. మిగతావి ఇవాళే మొదలుపెట్టండి. అవి పడుతున్నాయంటే తింటున్నాడు కాబట్టే" అన్నారు. జాగ్రత్త అనుకుంటూ నేను చేస్తున్నదేమిటో అప్పుడు గానీ అర్థం కాలేదు. ఎవరిమీదా కోప్పడే వీలు కూడా లేదు, నేనే చేశాను.

చంటిదానికి ఎనిమిది నెలలు. దానికి ఈ పప్పుల వాసన కూడా తగలనివ్వకూడదని మనసులో ఒట్టు పెట్టుకుని ఉన్నాను. డాక్టరుగారి మాటతో అదీ పోయింది. 2015లో వచ్చిన లీప్ అనే అధ్యయనంలో, వేరుశెనగ అలర్జీ ముప్పు ఎక్కువున్న 640 మంది పసిపిల్లలని తీసుకుని, కొందరికి అయిదేళ్ళు వచ్చేదాకా వేరుశెనగ పెట్టి, మిగతావాళ్ళకి దూరంగా ఉంచి చూశారట. తిన్నవాళ్ళలో ఆ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. పలుకులుగా కాదు, గొంతుకి అడ్డం పడుతుంది, మెత్తగా కలిపి పెట్టమన్నారు.

మళ్ళీ అలా వస్తే ఇంట్లోనే ఎడ్రినలిన్ ఇవ్వడానికి, ఇంటికొచ్చాక పెన్నులాంటి ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో ప్రాక్టీసు. తొడ బయటివైపు, ప్యాంటు మీద నుంచే. తర్వాత పడుకోబెట్టి, తేరుకున్నట్టు కనిపించినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. కొన్ని గంటలకి మళ్ళీ తిరగబెట్టొచ్చు. దద్దుర్లతో పాటు దగ్గో ఆయాసమో ఉంటే సిరప్ పోస్తూ కూర్చోవద్దన్నారు. అత్తయ్య దిండుకి నాలుగుసార్లు పొడిచారు. నాకన్నా ఆవిడే బాగా చేశారు.

రాత్రి బ్రెడ్డు మీద వేరుశెనగ వెన్న రాసిచ్చాను. మూడు వారాల తర్వాత. వాడి ఎదురుగా కూర్చుని, పెదవులు చూస్తూ, గడియారం చూస్తూ, మళ్ళీ పెదవులు చూస్తూ ఉన్నాను. రెండు ముద్దలు తిని ఆగాడు. ఏమైందిరా అన్నాను, సగం లేచి.

"నువ్వలా చూస్తుంటే తినబుద్ధి కావట్లేదమ్మా. అటు తిరుగు."