పాంబన్ ఒడ్డున నాచు ఏరేవాళ్లు

రామేశ్వరం వెళ్లినవాళ్లు దర్శనం చేసుకుని, ధనుష్కోటి చూసి తిరిగొచ్చేస్తారు. నేను పాంబన్‌లో ఆగి కుందుకాల్ వైపు వెళ్లాను. 1897లో వివేకానందుడు విదేశాల నుంచి వచ్చి దిగిన చోటు అది. ఎదురుగానే కురుసడై దీవి, చెయ్యి చాపితే అందేలా ఉంటుంది. కానీ ఇష్టమొచ్చినట్టు అడుగుపెట్టడానికి లేదు. మన్నార్ సింధుశాఖలోని 21 దీవుల్నీ చుట్టూ ఉన్న నీళ్లనీ, మొత్తం 560 చదరపు కిలోమీటర్లు, 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు.

ఒడ్డున నాచు ఏరే ఆడవాళ్లు పడవ దిగుతున్నారు. చీర మీద మగవాళ్ల చొక్కాలు, వేళ్లకు గుడ్డ పీలికలు, నడుముకు వల సంచులు. ఊపిరి బిగబట్టి మునిగి, రాళ్లను పట్టుకున్న నాచుని చేత్తో తెంపుతారు. జెల్లీల్లో వాడే అగర్ వచ్చేది ఇందులో కొన్ని రకాల నుంచే. అరవై దాటిన ఒకావిడ పీలికలు విప్పి చూపించింది. గోళ్ల చుట్టూ కోతలు, ఉప్పునీటికి నాని తెల్లబడిన చర్మం.

కొంచెం తెలుగు వచ్చిన ఆటో అబ్బాయి సాయంతో మాట్లాడాం. "చిన్నప్పుడు మా అమ్మతో దీవికి వెళ్లేదాన్ని తమ్ముడూ. అక్కడే వండుకు తినేవాళ్లం. పార్కు వచ్చాక అదే పనికి జరిమానా. గార్డుల పడవ చప్పుడు వినబడితే చాలు, గుండె దడ."

పోయిన ఆదాయాన్ని లెక్క కట్టొచ్చు. ఇన్నేళ్ల టెన్షన్‌ని ఏ లెక్కలో రాస్తారు?

అలాగని పార్కు వద్దని నేననను. ఒకప్పుడు సున్నం కోసం పగడపు రాళ్లను పడవలకెత్తి తవ్వుకుపోయారు. దీవుల్లో రెండు మునిగిపోయాయి కూడా. పగడపు దిబ్బలుంటే అలల జోరు తగ్గుతుంది, చేపపిల్లలు అక్కడే పెరుగుతాయి, పెరిగినవి హద్దు దాటి బయటికొస్తాయి. నాకు మింగుడుపడనిది ఆ తర్వాతి సంగతి. బయటికొచ్చిన చేప పెద్ద ఇంజను, పెద్ద వల ఉన్నవాడికి దొరుకుతుంది. లోతు తక్కువ నీళ్లలో ఒట్టి చేతుల్తో బతికేవాళ్లకు హద్దు మాత్రమే మిగులుతుంది. 2001లో సముద్రపు దోసకాయల (పేరుకు దోసకాయలే కానీ, సముద్రం అడుగున పాకే మెత్తటి జీవులు) వేట మీద నిషేధం వచ్చినప్పుడూ ఇదే వరస. మునిగి తీసేవాళ్ల పని పోయింది, దొంగ రవాణా మాత్రం నేటికీ ఆగలేదు.

ఈ ఆడవాళ్లు తమకు తామే కట్టుబాట్లు పెట్టుకున్నారు. నెలకు 12 రోజులే నీళ్లలోకి దిగుతారు. రాయిని గీకే ఇనప పనిముట్లు మానేశారు. వేసవిలో చేపల వేట ఆగినప్పుడు నాచుకీ విరామమే. "మొదలు ఉంచితేనే కదా మళ్లీ మొలిచేది" అందావిడ, ఇందులో అడగడానికేముందన్నట్టు.

వేరే బతుకుతెరువు చూపించలేదని కాదు. 2000 తర్వాత వెదురు తెప్పల మీద కప్పాఫైకస్ అనే విదేశీ నాచు సాగు మొదలైంది. కొన్ని కుటుంబాలు దానివల్లే నిలదొక్కుకున్నాయి. తీరా అది సాగు దాటి పాకి, సాక్షాత్తూ కురుసడై పగడాలనే కప్పేసింది. ఇప్పుడు దాన్ని చేత్తో పీకి తీయాల్సొస్తోంది.

ఆ మాట ఎత్తగానే పెద్దావిడ పకపకా నవ్వింది. "నాచు పీకడం మాకంటే ఎవరికి బాగా వచ్చు? మమ్మల్నే పిలవమను. కూలీ మాత్రం ఇవ్వాలి."