ఐదు అప్రూవళ్లు, ఒకే ఫోన్

ఆర్డర్ వచ్చినప్పటి నుంచి లారీ కదిలేదాకా జరిగే పనంతా ఒక పద్ధతిలోకి తెచ్చే బాధ్యత మా ఓనర్ నాకు అప్పగించారు. తాడిపత్రిలో మాది బండల పాలిష్ యూనిట్. బెంగళూరు నుంచి వచ్చిన కన్సల్టెంట్లు పని ఏ వరుసలో సాగాలో బొమ్మగా చూపే బీపీఎంఎన్ గుర్తులతో చక్కటి పటం గీసిచ్చారు. అందులో ఐదు అప్రూవళ్లు: ధర, అప్పు (కొనేవాళ్లకు సరుకు అరువివ్వడం), కటింగ్, నాణ్యత, లోడింగ్.

పెద్ద కంపెనీలో ఆ ఐదుగురూ వేర్వేరు మనుషులు. మా దగ్గర ఐదూ ఓనరే. ఆయన పెళ్లికి పోతే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఆగిపోయేవి, యూనిట్‌లో మాత్రం ఏదీ ఆగేది కాదు. ఫోన్లోనే సరే అనేవారు, లోడ్ వెళ్లిపోయేది, ఎంట్రీ తర్వాతెప్పుడో పడేది. "ఏమప్పా, నేను చెప్పినాక కూడా కంప్యూటర్ చెప్పాల్నా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నలో న్యాయముంది.

ఒక్క మెట్టు మాత్రం ఎవరూ బతిమాలకుండానే నిలబడింది, సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఈ-వే బిల్లు. 2018 ఏప్రిల్ 1 నుంచి 50,000 రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే అది తప్పనిసరి. లేకుండా వెళ్తే దారిలో లారీని ఆపేస్తారు. అందుకే గుమాస్తా నుంచి డ్రైవర్ దాకా అందరూ దాన్ని పాటిస్తారు. నేను అక్కడి నుంచే వెనక్కి నడిచాను. బండల కొలతల చీటీ కంప్యూటర్లో ఎక్కించకపోతే ఈ-వే బిల్లు తయారు కాకుండా రెండింటినీ ముడిపెట్టాం.

ఆ చీటీ ఎక్కడ రాయాలన్నదే అసలు చిక్కు. పటంలో అది లోడింగ్ దగ్గర ఉంది. హమాలీలకు కూలి అడుగుల లెక్కన వస్తుంది. ప్రతి బండనూ ఆపి నమోదు చేస్తే వాళ్ల కూలి పడిపోతుంది. "మాకు పని తగ్గిస్తావా అన్నా?" అని మేస్త్రీ గట్టిగానే అడిగాడు. దాన్ని మొండితనం అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. పాలిష్ మిషన్ దగ్గర ఉండేవాళ్లు నెల జీతం మనుషులు, అక్కడ ఆగితే ఎవరి కడుపూ కాలదు. కొలతను అక్కడికి మార్చాం. పగిలిన బండల లెక్క కూడా అక్కడే తేలింది, అంతకుముందు దానిమీద రోజూ గొడవే.

2014లో యాన్ ఫోమ్ బ్రోకె, మరికొందరు పరిశోధకులు ప్రక్రియల నిర్వహణకు పది సూత్రాలు చెప్పారు. వాటిలో మొదటిదే, పద్ధతి ఆ సంస్థ పరిస్థితికి సరిపోవాలన్నది. ఆ పటం గీసే ముందు మాలో ఎవరికి కూలి ఎలా వస్తుందో ఒక్కరు అడిగి ఉంటే మాకు చాలా టెన్షన్ తప్పేది.

ఇప్పుడు ధర, కటింగ్, నాణ్యత ఓనర్ చిన్నకొడుకు చూస్తున్నాడు. అప్పు మాత్రం ఇంకా ఓనర్ ఫోన్లోనే ఉంది. ఎవరి మాట నమ్మాలన్నది ఆయనకు ఏళ్ల పరిచయంతో తెలిసిన విషయం. ఆ నిర్ణయాన్ని మార్చే ప్రయత్నం చేయకుండా, ఆయన సరే అన్న రోజు సాయంత్రమే గుమాస్తా ఎంట్రీ వేసేలా ఏర్పాటు చేశాం.