లేని బొమ్మ కోసం బెర్లిన్‌లో

బెర్లిన్ వెళ్లినవాళ్లంతా ముందు, ఒకప్పుడు నగరాన్ని తూర్పు, పడమరలుగా చీల్చిన గోడ మీద బొమ్మలున్న ఈస్ట్ సైడ్ గ్యాలరీకి పరుగెత్తుతారు. నేను మాత్రం 2014లోనే నల్లరంగు పూసేసిన ఒక గోడను వెతుక్కుంటూ క్రోయిట్స్‌బర్గ్ పేటకు వెళ్లాను. యూ-వన్ రైలెక్కి ష్లేసిషెస్ టోర్‌లో దిగితే నడిచిపోయేంత దూరమే. రైలు టికెట్ సంగతి మాత్రం చెప్పుకోవాలి. మెషిన్‌లో డబ్బు పోసి కొన్న టికెట్టును ప్లాట్‌ఫామ్ మీది పెట్టెలో పెట్టి స్టాంపు వేయించుకోకపోతే అది చెల్లదు, పట్టుబడితే 60 యూరోలు కట్టాలి. నాతో వచ్చిన స్నేహితురాలు ఆ టెన్షన్‌లో టికెట్టును చేతిలో నలిపేస్తూనే దిగింది.

బ్లూ అనే ఇటలీ చిత్రకారుడు తన అసలు పేరు ఎక్కడా చెప్పుకోడు. కువ్రీ వీధి మలుపులో, ష్ప్రే నది పక్కనున్న ఖాళీ స్థలానికి ఆనుకున్న ఇళ్ల గోడల మీద 2007, 2008లలో అతను రెండు పెద్ద బొమ్మలు వేశాడు. ఒకదానిలో ఇద్దరు మనుషులు ఒకరి ముసుగు ఒకరు లాగేస్తుంటారు. వాళ్ల వేళ్లు తూర్పు, పడమర బెర్లిన్లను సూచించే అక్షరాల్లా మడిచి ఉంటాయి. రెండోది తల లేని సూటు మనిషి. టై సరిచేసుకుంటున్న అతని రెండు చేతులకూ బంగారు వాచీలు, ఆ వాచీలను కలుపుతూ గొలుసు. అంటే అవి సంకెళ్లు! ఈ బొమ్మలు పోస్ట్‌కార్డుల మీదికి, టూర్ల కరపత్రాల మీదికి ఎక్కాయి. ఆ ఖాళీ స్థలంలో గుడారాలు వేసుకుని బతికినవాళ్లు 2014 సెప్టెంబర్‌లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత వెళ్లిపోవాల్సి వచ్చింది. అప్పటికే అక్కడ కొత్త కట్టడం రాబోతోందని తెలుసు. బొమ్మలను చూపించి అద్దెలు పెంచుకునే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదని, అదే ఏడాది డిసెంబర్‌లో బ్లూ అనుమతితోనే వాటికి నిండా నల్లరంగు పూయించారు.

ఈ కథను నేను ఎంతమందికి చెప్పానో. చెప్పిన ప్రతిసారీ ఒళ్లు పులకరించేది. తన పని తనే చెరిపేసుకోవడానికి ఎంత గుండె కావాలి!

అక్కడికి వెళ్లి చూస్తే ఏముంది? ఖాళీ స్థలం పోయి నిగనిగలాడే ఆఫీసు భవనం వచ్చింది. గోడలు ఏ వైపు ఉండేవో కూడా అంతు చిక్కలేదు. చక్రాల సంచీ లాక్కుంటూ వస్తున్న ఒక పెద్దావిడను ఆపి అడిగాను. ఆవిడ నా ఫోన్‌లోని పాత ఫొటో చూసి, వేలితో భవనం మూడో అంతస్తు చూపించి, "దాని వెనకాల" అంది. అంతటితో వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. సంచీని బెంచీకి ఆనించి కూర్చుంది. మమ్మల్నీ కూర్చోమంది.

బెర్లిన్ గోడ కూలకముందు నుంచీ ఆవిడ ఆ పేటలోనే ఉంటోందట. అప్పట్లో వీధి చివర నది, నది అవతల కాపలా బురుజులు. అద్దెలు చవకగా ఉండేవి, ఎందుకంటే ఆ మూలకు ఎవరూ వచ్చేవారు కాదు. "ఆరేడేళ్లు ఆ తలకాయ లేనివాణ్ణి చూస్తూ కాఫీ తాగాను" అంది. నచ్చేదా అని అడిగాను. "మొదట్లో అస్సలు నచ్చలేదు. వంటింటి కిటికీ నిండా వాడే. తర్వాత అలవాటైపోయాడు. పండగలకి మనవలు వస్తే వాడికి తల ఎందుకు లేదో రోజుకో కథ చెప్పేదాన్ని."

నల్లరంగు పూసిన రాత్రి ఆవిడ కోటు తొడుక్కుని కిందికి వచ్చిందట. క్రేన్ తొట్టెలో నిలబడి పొడుగు రోలర్లతో పూసేస్తున్నారు. కింద కొందరు చప్పట్లు కొడుతున్నారు, కొందరు ఆపమని అరుస్తున్నారు. "మీరు ఏ వైపు ఉన్నారు?" అన్నాను.

"నన్నెవరు అడిగారు? వేసేటప్పుడు అడగలేదు, చెరిపేటప్పుడూ అడగలేదు. ఇదంతా మా కోసమే చేశామని తర్వాత పేపర్లో చదివాను."

నేను ఊరుకోలేకపోయాను. బొమ్మలు అలాగే ఉంటే వాటిని చూపించి ఫ్లాట్లు అమ్ముకునేవాళ్లు కదా అన్నాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. భవనం వైపు చెయ్యి చాపి, "ఇది కట్టడం ఆగిందా? నా అద్దె తగ్గిందా?" అంది. నేను నోరు మెదపలేదు. ఆవిడ లేచి, కుడివైపు వెళ్తే నదివైపు దారి బాగుంటుందని చెప్పి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆ నగరంలో ఏ గోడ చూసినా నాకు ఆవిడ మాటలే. ఓబర్‌బౌమ్ వంతెన దాటి ఈస్ట్ సైడ్ గ్యాలరీకి వెళ్లేసరికి ఎండ ముదిరింది, జనం కిటకిటలాడుతున్నారు. 1990లో 21 దేశాల నుంచి వచ్చిన 118 మంది చిత్రకారులు 1.3 కిలోమీటర్ల పొడవునా బొమ్మలేసిన గోడ ఇది. సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్, తూర్పు జర్మనీ నాయకుడు హోనెకర్ ముద్దు పెట్టుకునే ద్మిత్రీ వ్రూబెల్ బొమ్మ ముందు సెల్ఫీల తోపులాట. పక్కవాళ్ల మోచేతులు తప్పించుకుంటూ నేను గోడనే దగ్గరగా చూశాను. 3.6 మీటర్ల ఎత్తు కాంక్రీటు పలకలు. ఒక్కోటి 1.2 మీటర్ల వెడల్పు. పలకకూ పలకకూ మధ్య అతుకు బొమ్మల్లోంచి నిలువుగా దిగుతుంది. పైన పొడవునా లావుపాటి గొట్టం. ఎక్కేవాడి చేతికి పట్టు దొరక్కూడదని అమర్చింది. బిర్గిట్ కిండర్ వేసిన, తూర్పు జర్మనీ తయారీ ట్రాబాంట్ కారు గోడను చీల్చుకుని వస్తున్నట్టుండే బొమ్మ దగ్గర నిలబడి తల ఎత్తితే, కారు పైనే ఆ గొట్టం కనిపిస్తుంది. పారిపోబోయి చేతులు జారిన మనిషిని తలుచుకోకుండా ఆ బొమ్మ చూడటం నా వల్ల కాలేదు. ఫొటో దిగేవాళ్లు తల పైకెత్తరు.

ఇక్కడా గొడవలు తక్కువేం కాదు. 2009లో బొమ్మలు వెలిసిపోయాయని అవే మళ్లీ వేయమని చిత్రకారులను పిలిచారు. ఇచ్చిన 3,000 యూరోలు చాలవనీ, హక్కుల సంగతి తేల్చలేదనీ కొందరు ఒప్పుకోలేదు. 2013 మార్చిలో నది ఒడ్డున ఖరీదైన ఫ్లాట్లు కట్టడానికి గోడలో కొంత ముక్క తీయబోతే వేలమంది అడ్డంగా నిలబడ్డారు. చివరికి తెల్లవారకముందే పోలీసుల కాపలాలో తీసేశారు. అంతమంది వచ్చినా అడగాల్సినవాళ్లను అడగలేదు. ఒకనాడు జనాన్ని అవతలికి పోనివ్వని గోడను ఈనాడు అదే జనం కాపాడుకుంటామంటే వాళ్ల మాటకు ఆ మాత్రం విలువ లేకపోవడం నాకు కష్టంగా అనిపించింది.

న్యూయార్క్ క్వీన్స్‌లో గోడల నిండా బొమ్మలుండే ఫైవ్ పాయింట్స్ అనే పాత ఫ్యాక్టరీ కథ నాకు బాగా తెలుసు. ఆ ఫ్యాక్టరీ యజమాని 2013 నవంబర్‌లో రాత్రికి రాత్రి గోడలన్నిటికీ తెల్లసున్నం కొట్టించాడు. 21 మంది కళాకారులు కోర్టుకు వెళ్లారు. 2018లో వాళ్లకు 67.5 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఆ తీర్పు చదివినప్పుడు ఎంత సంబరపడ్డానో! ఇప్పుడైతే మరో ప్రశ్న వస్తోంది. రోజూ రైల్లోంచి ఆ గోడ చూస్తూ పనికి వెళ్లినవాళ్లకు కోర్టులో చోటేది? బొమ్మ గీసినవాడికి హక్కుంది, గోడ కట్టినవాడికి హక్కుంది. కిటికీ తెరిస్తే ఆ బొమ్మే కనిపించేవాళ్లకు ఏ చట్టంలోనూ పేరు లేదు.

మలేసియాలోని పెనాంగ్ వెళ్లినప్పుడు నాకు ఈ ఆలోచనే రాలేదు. జార్జ్ టౌన్‌లో, అర్మేనియన్ వీధిలో ఎర్నెస్ట్ జకారెవిచ్ 2012లో వేసిన సైకిల్ మీది పిల్లల బొమ్మ చాలా ఇష్టంగా చూశాను. గోడకు నిజమైన సైకిలే బిగించి ఉంటుంది, పిల్లలు మాత్రం రంగులో ఉంటారు. ఫొటో దిగడానికి వరసలో నిలబడితే, ఆ వరస పక్కింటి గుమ్మానికి అడ్డం పడింది. లోపలినుంచి ఒకాయన బుట్ట పట్టుకుని మా మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చాడు. ఎవరూ జరగలేదు. బెర్లిన్‌లో ఆవిడ మాట విన్నాక ఆ బుట్ట మనిషి మొహం గుర్తొచ్చింది.

మర్నాడు ఫాల్కెన్‌స్టైన్ వీధిలో బ్లూ వేసిన మరో బొమ్మ దగ్గరికి వెళ్లాం. అది ఇంకా ఉంది. వందల కొద్దీ చిన్న చిన్న గులాబీరంగు శరీరాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఒక రాక్షసుడి ఆకారం కట్టాయి. వాడి వేలి మీద తెల్లరంగులో ఒకే ఒక్క మనిషి. వాడు ఆ మనిషిని నోటిదాకా తెచ్చాడు. దూరం నుంచి రాక్షసుడే కనిపిస్తాడు. దగ్గరికి వెళ్తే చేతులు, వీపులు, తలలు. చూస్తుంటే మెడ నొప్పి పుట్టింది కానీ కదలబుద్ధి కాలేదు.

దగ్గర్లో అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే చిన్న కొట్టు ఉంది. నీళ్ల సీసా కొని, కౌంటర్ వెనక కుర్రాణ్ణి అడిగాను, "నీకు ఈ బొమ్మ ఇష్టమేనా?" ఇంతకుముందు ఎవరూ అడగలేదేమో, అతను బయటికి వచ్చి, నాలాగే తల ఎత్తి కాసేపు చూశాడు. "భయంగా ఉంటుంది" అన్నాడు. "కానీ పోతే కొట్టు నడవదు. సగం మంది బొమ్మ కోసం వచ్చి బీరు కొంటారు." కాసేపాగి ఇంకోటి అన్నాడు, "ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడుస్తూ సైకిళ్ల దారిలోకి వెళ్లిపోతారు. రోజుకొకరైనా గుద్దించుకుంటారు. అక్కడ ఒక బోర్డు పెట్టమని నేను అడుగుతున్నాను, ఎవరూ వినట్లేదు."