క్లీవ్‌డన్ పియర్: ఆటు వేళ చూసుకుని వెళ్లండి

పాత పియర్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి కాళ్ల మీద కట్టిన పొడవాటి నడవ) చూడ్డానికి బయల్దేరేవాళ్లు వాన పడుతుందా, పార్కింగ్ దొరుకుతుందా అని చూసుకుంటారు కానీ ఆటుపోట్ల వేళలు చూసుకోరు. ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్ తీరాన ఉన్న క్లీవ్‌డన్ పియర్‌కి అలా వెళ్తే సగం టికెట్టు దండగే. అక్కడ ఆటుకీ పోటుకీ తేడా పెద్ద పోట్ల రోజుల్లో 12 మీటర్లు దాటుతుంది, అంటే నాలుగంతస్తుల మేడంత. నిండు పోటులో నీళ్ల మీద ఒక చెక్క నడవ కనిపిస్తుంది, అంతే. చూడాల్సింది దాని కాళ్లు.

1869లో తెరిచిన ఈ పియర్ కాళ్లు నిజానికి రైలు పట్టాలు. బార్లో పట్టా అనే రకం, అడుగున గొడుగులా విచ్చుకుని ఉంటుంది. స్లీపర్లు (పట్టాల కింద వేసే అడ్డ దుంగలు) లేకుండా నేరుగా కంకర మీద పరచొచ్చని తయారుచేశారు. రైళ్లు తిరిగేసరికి పట్టాలు పక్కలకి జరిగి, వాటి మధ్య ఎడం మారిపోయేది. సౌత్ వేల్స్ రైల్వేకి అక్కర్లేకుండా పోయిన ఆ పట్టాలనే ఇక్కడ జోడించి, రివెట్లు కొట్టి నిలబెట్టారు. పట్టాగా పనికిరాకుండా పోయిన ఆ ఆకారమే కాలుగా కలిసొచ్చింది: ఇనుము తక్కువ, బిగువు ఎక్కువ. ఒడ్డున నిలబడి చూస్తే రివెట్ల వరస పైదాకా తెలుస్తుంది. ఒక్కో కమాను 100 అడుగులు, మొత్తం ఎనిమిది. అంత సన్నని కాళ్లు కాబట్టే ప్రవాహానికి పెద్దగా అడ్డుపడవు.

ఇక వేళ సంగతి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి ఆటు బాగా లోతుకి దిగుతుంది. ఈ తీరంలో ఆ రోజుల్లో ఆటు సుమారు మధ్యాహ్నం వేళే పడుతుంది కాబట్టి పొద్దున్నే లేవక్కర్లేదు. ఆటుపోట్ల వేళల పట్టికలో ఒక మెలిక ఉంది: కొన్నింటిలో గ్రీన్‌విచ్ టైమే ఉంటుంది, ఎండాకాలంలో అక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు కాబట్టి దానికి ఒక గంట కలుపుకోవాలి. కలపడం మర్చిపోతే గంట ముందే వెళ్లి నిలబడతారు.

నీరు ఎప్పుడూ ఒకే వేగంతో ఎక్కదు. ఆటు నుంచి పోటుకి పట్టే సుమారు ఆరు గంటల్లో ఎక్కే నీటిని పన్నెండు వంతుల లెక్కన చూస్తే మొదటి గంటలో 1 వంతు, తర్వాత 2, 3, 3, 2, 1. తేడా 12 మీటర్లయితే మధ్య రెండు గంటల్లో గంటకి మూడేసి మీటర్లు. ఆటుకి ఓ అరగంట ముందు చేరుకుని, నాలుగు గంటలు ఉంటే కాళ్లు మునగడం కళ్లారా చూడొచ్చు. బురదలోకి మాత్రం దిగొద్దు. పైకి గట్టిగా కనిపించినా మోకాలిదాకా దిగబడుతుంది, ఈలోగా నీరొస్తుంది.

కాళ్ల మీద తుప్పు ఎక్కడుందో గమనించండి. ఎప్పుడూ మునిగుండే చోట తక్కువ, రోజూ తడిసి ఆరే చోట ఎక్కువ. గాలీ ఉప్పునీరూ రెండూ అందేది అక్కడే.

1970 అక్టోబరులో బరువు తట్టుకుంటుందో లేదో చూడటానికి నడవ మీద నీళ్ల ట్యాంకులు పెట్టి నింపుతుంటే, సముద్రం వైపు రెండు కమానులు కూలిపోయాయి. మళ్లీ జనానికి తెరిచింది 1989లో. బరువు పరీక్షే పియర్‌ని కూల్చిందని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నా లెక్కలో అది ముందే ఉన్న బలహీనతని బయటపెట్టిందంతే.

నడవ పలకల మధ్య సందులు వదిలింది ఊరికే కాదు, పైకి ఎగసిన నీరు కిందికి జారిపోవడానికి. సన్న మడమల చెప్పులు అందులో ఇరుక్కుంటాయి. తాళాలు జారాయంటే ఇక సముద్రానివే. గాలి ఎక్కువైతే గేటు మూసేస్తారు, వెళ్లేముందు కనుక్కోండి.

ఇదే ఆటుపోట్ల తంటా లండన్‌కి తూర్పున సౌత్‌ఎండ్‌లో ఎత్తు బదులు పొడవై తేలింది. అక్కడ ఆటులో బురద మైలు దాటి పరుచుకుంటుంది, పడవకి నీళ్లు అందాలంటే పియర్ అంతదూరం పోవాలి. అందుకే 2.16 కిలోమీటర్లు. నడిస్తే దాదాపు అరగంట, పైన చిన్న రైలూ ఉంది. గాలి వీపుకి తగిలే వైపు నడవండి, ఎదురుగాలి వైపు రైలెక్కండి.