ఫుకుమోతో స్టీల్స్ లెక్క: షీట్ ఎంతవరకు వచ్చింది

జపాన్ బేస్‌బాల్ ఆటగాడు యుతాకా ఫుకుమోతో స్టీల్స్‌ను ఏడాదివారీగా షీట్‌లోకి ఎక్కించడం పూర్తయింది. పిచర్, అంటే బంతి వేసేవాడు, బ్యాటర్‌కు బంతి వేసే సమయంలో బేస్ మీదున్న రన్నర్ పరుగెత్తి తర్వాతి బేస్ చేరుకోవడమే స్టీల్. 1969లో 4, మరుసటి ఏడు 75, 1972లో ఏకంగా 106. అమెరికాలో మౌరీ విల్స్ 1962లో పెట్టిన 104 రికార్డు అలా చెదిరిపోయింది. చివరి సీజన్ 1988లో 3. మొత్తం కూడితే సరిగ్గా 1065. అంకె సరిపోగానే పట్టలేనంత సంతోషమేసింది. 20 సీజన్లూ హాన్‌క్యూ బ్రేవ్స్ జట్టుకే ఆడాడు. 1970 నుంచి 1982 దాకా వరసగా 13సార్లు పసిఫిక్ లీగ్‌లో స్టీల్స్ టైటిల్ అతనిదే.

ఎవరైనా ఇలాంటి షీట్ మొదలుపెడితే దొరికిపోయిన సార్లకు కూడా ఒక కాలమ్ పెట్టండి. ఫుకుమోతో 299 సార్లు అవుటయ్యాడు. అంటే 78 శాతం సక్సెస్. ప్రతి పిచరూ తన మీదే కన్నేసి ఉంచినా ఇన్నేళ్లపాటు ఆ శాతం నిలబెట్టుకోవడం మామూలు విషయం కాదు.

ఇప్పుడు టైమింగ్ పని నడుస్తోంది. బేస్‌కీ బేస్‌కీ మధ్య 27.43 మీటర్లు. నాన్‌స్ట్రైకర్ క్రీజు దాటి ముందుకు జరిగినట్టే రన్నర్ కూడా మూడున్నర, నాలుగు మీటర్ల లీడ్ తీసుకుంటాడు. చురుకైన పిచర్ కదలిక మొదలై బంతి బ్యాటర్ వెనకుండే క్యాచర్ చేతిలో పడడానికి 1.2 నుంచి 1.3 సెకన్లు. క్యాచర్ విసిరింది సెకండ్ బేస్ చేరడానికి ఇంకో 2 సెకన్లు. మిగిలిన 23 మీటర్ల పైచిలుకు దూరాన్ని రన్నర్ ఆ లోపే, స్లైడ్‌తో సహా, ముగించాలి.

స్టాప్‌వాచ్‌తో ఇది తేలదు, వేలు ఆలస్యమవుతుంది. యూట్యూబ్‌లో వీడియో ఆపి ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది, కామా నొక్కితే వెనక్కి. సెకనుకు 30 ఫ్రేములున్న క్లిప్‌లో ఒక్క ఫ్రేమ్ అంటే 0.033 సెకను. పిచర్ ముందు కాలి మడమ లేచిన ఫ్రేమ్ నుంచి లెక్కపెడుతున్నాను. పిచరూ రన్నరూ ఒకే షాట్‌లో కనిపించే క్లిప్పులే పనికొస్తాయి, అవి తక్కువే.

మడమ దగ్గరే ఆగి చూస్తుంటే ఫుకుమోతో గొప్పతనం అర్థమవుతుంది. 169 సెంటీమీటర్ల మనిషి. పిచర్లను 8 ఎంఎం ఫిల్మ్ మీద తీయించి, బ్యాటర్‌కు వేసేటప్పుడు ఒంట్లో ఏ కదలిక వస్తుందో, రన్నర్‌ను అవుట్ చేయడానికి ఫస్ట్ బేస్‌కు విసిరేటప్పుడు ఏది వస్తుందో పట్టేసేవాడు. అందుకే నాన్‌కాయ్ హాక్స్ క్యాచర్, మేనేజర్ కాత్సుయా నోమురా తన పిచర్ల చేత కాలు ఎక్కువ ఎత్తకుండా త్వరగా బంతి వేయించడం మొదలుపెట్టాడు. మిగతా జట్లూ అదే పట్టుకున్నాయి. షీట్‌లో 1974 దగ్గర 94 ఉంటే 1975లో 63 ఉంది. అయినా 1983 జూన్ 3న సెయిబు లయన్స్ మీద 939వ స్టీల్ కొట్టి అమెరికా ఆటగాడు లూ బ్రాక్ మొత్తం స్టీల్స్ రికార్డును దాటేశాడు. నాకైతే 106 కంటే ఈ రెండో సగమే గొప్పగా కనిపిస్తుంది.

తర్వాత ఎడమచేతి పిచర్ల క్లిప్పులు విడదీయాలి. వాళ్లు ఫస్ట్ బేస్ వైపు తిరిగే నిలబడతారు కాబట్టి మడమ లెక్క వాళ్లకు సరిపోదు, మోకాలి ఎత్తు నుంచి కొలిచి చూస్తాను.