పితేవ పుత్రస్య

గీతా పారాయణలో పదకొండో అధ్యాయం వచ్చేసరికి అందరికీ గొంతు లేస్తుంది. విశ్వరూపం కదా! ఆ ఊపులో 44వ శ్లోకం కొట్టుకుపోతుంది. నాకు చిరాకు అక్కడే.

"పితేవ పుత్రస్య సఖేవ సఖ్యుః
ప్రియః ప్రియాయార్హసి దేవ సోఢుమ్"

వెయ్యి సూర్యుల వెలుగు ముందు వణుకుతున్న అర్జునుడు, నన్ను ఓర్చుకో స్వామీ అనడానికి ఒక పోలిక వెతుక్కున్నాడు. భూదేవి ఓర్పు గుర్తుకు రాలేదు. కొడుకును తండ్రి ఓర్చుకున్నట్టు అన్నాడు. స్నేహితుడూ ప్రియుడూ ఆ తర్వాతే. అంటే దేవుడి దయకు కొలపాత్ర మన ఇంట్లోనే ఉంది. దానికే చిల్లు పడితే?

మా అన్నయ్య కొడుక్కి గీత కంఠతా వచ్చు. తన మనసు మగవాళ్ల మీదకే పోతుందని ఒకరోజు ఇంట్లో చెప్పాడు. అన్నయ్య తిట్టలేదు, కొట్టలేదు. పూజగదిలోకి రావద్దన్నాడు, అంతే. తర్వాత రెండేళ్లు వాడికి సరిగా నిద్ర లేదు, మందులు మింగాడు. ఓసారి నా పక్కన కూర్చుని చదువుతూ 'పితేవ' దగ్గర ఆగిపోయాడు. "ఇది నువ్వు చదువు అత్తా" అన్నాడు. చదివి, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఆయనే తండ్రిలా చూసుకుంటాడులేరా" అన్నాను. తండ్రిలా! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకుంటాను.

జబ్బేమో అనుకునేవాళ్లకు ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మార్చేస్తామనే చికిత్సలు వైద్యవృత్తికే తప్పని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. జబ్బు చేసేది ఇంట్లో వెలి. అమెరికాలో 2009లో వచ్చిన ఒక పరిశోధనలో, ఇంటివాళ్లు బాగా దూరం పెట్టిన ఇలాంటి యువతీయువకుల్లో ఆత్మహత్యాయత్నాలు, ఇంటివాళ్లు అలా దూరం పెట్టనివాళ్లతో పోలిస్తే, ఎనిమిది రెట్లకు పైగా కనిపించాయి.

'సోఢుమ్', ఓర్చుకోవడం, అంటే వాడేదో తప్పు చేశాడనా అని అడుగుతారేమో. అర్జునుడు అడిగింది తన తప్పుకే. యాదవా, సఖా అని చనువుగా పిలిచేశానే అని. మా వాడు ఏ తప్పూ చేయలేదు. తండ్రి ఓర్చుకోవలసింది నలుగురి మాటలు.

అన్నయ్యా, ఇది నువ్వు చదువుతావని తెలిసే రాస్తున్నాను. పారాయణలో అందరికన్నా పైకి వినిపించేది నీ గొంతే. ఏకాదశికి వాణ్ణి రమ్మని నువ్వే ఫోన్ చెయ్యి. పెళ్లి సంగతి ఎత్తకు. నిద్ర పడుతోందా అని అడుగు.