మోడెమ్ ఆపకముందు లాగ్ చదవండి

నా లినక్స్ కంప్యూటర్‌లో బ్రాడ్‌బ్యాండ్ కొన్ని వారాలపాటు రోజుకు నాలుగైదు సార్లు తెగిపోతూ వచ్చింది. తెగిన ప్రతిసారీ మోడెమ్ స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేసేవాడిని. రెండు నిమిషాల్లో నెట్ వచ్చేది, నేను పనిలో పడిపోయేవాడిని. ఈ అలవాటు వల్ల ఎంత పోగొట్టుకున్నానో తరువాత తెలిసింది. లోపం ఎక్కడుందో చెప్పగల ఆధారాలు తెగిన ఆ కొద్ది నిమిషాల్లోనే దొరుకుతాయి. మోడెమ్ ఆపి మళ్లీ వేస్తే అన్నీ మొదటి నుంచి కుదురుకుంటాయి కాబట్టి, పోయింది కేబులా, సేవాసంస్థతో లాగిన్ అయిన సెషనా, బయటి లైనా అన్నది తేలకుండానే మరుగున పడిపోతుంది.

ముందుగా నా అమరిక చెప్పాలి. మోడెమ్ బ్రిడ్జ్ పద్ధతిలో ఉంది, అంటే అది సంకేతాలను ఇటు నుంచి అటు చేరవేస్తుంది తప్ప లాగిన్ చేయదు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌లతో పీపీపీఓఈ (ఈథర్నెట్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) సెషన్ తెరిచేది కంప్యూటర్‌లోని పీపీపీడీ అనే ప్రోగ్రామ్. అది జరిగినదాన్ని సమయంతో సహా లాగ్‌లో రాస్తుంది. రౌటరే లాగిన్ చేసే ఇళ్లలో ఈ లాగ్ రౌటర్ లోపల ఉంటుంది, అయినా వెతికే వరుస ఇదే.

ఒక సాయంత్రం తెగినప్పుడు మోడెమ్ జోలికి పోకుండా టెర్మినల్ తెరిచి గూగుల్ సర్వర్ చిరునామా 8.8.8.8కు పింగ్, అంటే జవాబు కోరే చిన్న ప్యాకెట్లు, పంపాను. పేరుతో కాకుండా అంకెల చిరునామాతో పంపడానికి కారణం ఉంది: అంకెలకు జవాబు వచ్చి పేర్లకు రాకపోతే కనెక్షన్ బాగానే ఉన్నట్లు, చెడింది పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ ఒక్కటే అయినట్లు. నాకు మొదట ఏ జవాబూ రాలేదు. సుమారు నిమిషం తరువాత మాత్రం 'నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్' అనే సందేశం మొదలైంది. ఆ మౌనానికీ ఈ సందేశానికీ మధ్య ఉన్న తేడాయే నాకు దారి చూపింది. సెషన్ ఉందని కంప్యూటర్ ఇంకా నమ్ముతున్నంతసేపు ప్యాకెట్లు బయలుదేరుతాయి కానీ జవాబు రాదు. సెషన్ పోయిందని తేలగానే ఆ సెషన్ కోసం ఏర్పడిన పీపీపీ0 ఇంటర్‌ఫేస్, దానితోపాటు బయటికి దారి చూపే డిఫాల్ట్ రూట్ తొలగిపోతాయి, ఇక ప్యాకెట్ వెళ్లడానికి దారే ఉండదు.

ఆ నిమిషం ఎక్కడి నుంచి వచ్చిందో పీపీపీడీ సెట్టింగులలో కనిపించింది. అవతలి పక్షం బతికే ఉందా అని అడిగే ఎల్‌సీపీ ఎకో 20 సెకన్లకు ఒకసారి వెళ్లేలా, మూడింటికి వరుసగా జవాబు రాకపోతే సెషన్ ముగిసేలా నా ఫైల్‌లో రాసి ఉంది. అందువల్ల పీపీపీడీ 'నో రెస్పాన్స్ టు 3 ఎకో-రిక్వెస్ట్స్' అని లాగ్‌లో రాసిన సమయం అసలు తెగిన సమయం కాదు, దానికి దాదాపు నిమిషం తరువాతిది. నిజమైన కారణం కోసం లాగ్‌లో ఆ నిమిషం వెనక్కి వెళ్లి చూడాలి.

లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్ ఆదేశానికి 'కె' ఆప్షన్ జోడిస్తే కెర్నల్ (లినక్స్ మూల భాగం) సందేశాలు మాత్రమే వస్తాయి. పీపీపీడీ ఫిర్యాదుకు సరిగ్గా నిమిషం ముందు అక్కడ 'లింక్ ఈజ్ డౌన్' అని, అంటే మోడెమ్‌తో కేబుల్ అనుసంధానం పోయిందని ఉంది. తరువాత లింక్ లేచినప్పుడు వేగం 100 ఎంబీపీఎస్ అని ఉంది. నా కార్డూ మోడెమ్ పోర్టూ రెండూ గిగాబిట్‌వే కాబట్టి 1000 ఉండాలి. ఈథర్నెట్ కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ బాగుంటేనే గిగాబిట్ కుదురుతుంది, 100కు రెండు జతలు చాలు. కేబుల్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే మోడెమ్ వైపు కనెక్టర్‌కు ఉండే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి ఉంది. బల్ల కాస్త కదిలినా కనెక్టర్ వెంట్రుకవాసి వెనక్కి జరిగేది. ఐదారు సెకన్లలో తిరిగి అంటుకుంటే సెషన్ నిలిచేది, వెబ్ పేజీ కాసేపు ఆగి కదిలేది. నిమిషం దాటితే సెషన్ పోయేది. అప్పుడప్పుడూ వీడియో ఆగడం, కనెక్షన్ పూర్తిగా తెగడం వేరు వేరు సమస్యలని నేను అనుకున్నాను, కానీ రెండింటి మూలం ఆ ప్లాస్టిక్ నాలుకే.

కేబుల్ మార్చాక లింక్ 1000కు చేరింది, తెగడం బాగా తగ్గింది, కానీ పూర్తిగా ఆగలేదు. ఈసారి లాగ్‌లో 'లింక్ ఈజ్ డౌన్' లేదు, ఎల్‌సీపీ ఎకో వైఫల్యం మాత్రమే ఉంది. కంప్యూటర్ నుంచి మోడెమ్ దాకా దారి బాగుందని నిర్ధారించుకోవడానికి, ఈథర్నెట్ ఇంటర్‌ఫేస్‌కు మోడెమ్ ఉన్న శ్రేణిలోనే ఒక చిరునామా అదనంగా ఇచ్చి, పది సెకన్లకు ఒకసారి మోడెమ్‌నూ 8.8.8.8నూ పింగ్ చేసి ఫలితాన్ని సమయంతో సహా ఫైల్‌లో రాసే చిన్న స్క్రిప్ట్ పెట్టాను. తెగిన ప్రతిసారీ మోడెమ్ జవాబు ఇస్తూనే ఉంది, బయటి చిరునామా మాత్రం ఇవ్వడం లేదు. అదే సమయాలలో మోడెమ్ పేజీలో డీఎస్ఎల్ సింక్ (ఫోన్ తీగపై సేవాసంస్థ పరికరంతో మోడెమ్‌కు కుదిరే అనుసంధానం) పోయి మళ్లీ కుదిరినట్లు ఉంది, రొదను తట్టుకోవడానికి సంకేతానికి మిగిలిన బలాన్ని చూపే ఎస్ఎన్ఆర్ మార్జిన్ 6 డెసిబెల్స్ కన్నా దిగువకు పడిపోతోంది. అంత తక్కువ మార్జిన్‌తో లైన్ నిలకడగా ఉండడం కష్టం.

మధ్యలో ఒక పొరపాటు గురించి చెప్పడం అవసరం. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో ఆగిపోతే అది తెగడం కాదు. పీపీపీఓఈ తన కోసం 8 బైట్లు తీసుకుంటుంది కనుక ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణమైన ఎంటీయూ 1500 నుంచి 1492కు తగ్గాలి. ముక్కలు చేయవద్దన్న ఆప్షన్‌తో 1464 బైట్ల పింగ్ వెళ్లి 1472 బైట్లది వెళ్లకపోతే, పింగ్‌కు తోడయ్యే 28 బైట్ల హెడర్లు కలిపితే ఆ 1492 హద్దు నిజంగానే ఉన్నట్లు. పీపీపీ ఇంటర్‌ఫేస్ ఎంటీయూ అంతకు మించి ఉంటే సరిదిద్దాలి. నేను ఒక రోజంతా దీన్ని తెగుడుతో కలిపి చూసి దారి తప్పాను.

సేవాసంస్థకు ఫోన్ చేసినప్పుడు 'నెట్ పోతోంది' అనకుండా, తెగిన సమయాల జాబితా, మార్జిన్ అంకెలు, మోడెమ్ వరకు పింగ్ నిలిచిందన్న వివరం చదివి వినిపించాను. మోడెమ్ ఆపి మళ్లీ వేయమని ఎవరూ చెప్పలేదు. మరుసటి రోజు వచ్చిన లైన్‌మన్ ఇంటి బయటి పెట్టె తెరిస్తే లోపలి జాయింట్ పచ్చగా చిలుము పట్టి ఉంది. తీగ కొస కత్తిరించి కొత్తగా కలిపాక మార్జిన్ పెరిగింది. ఎప్పుడైనా సెషన్ పోయినా పీపీపీడీ తనంతట తానే మళ్లీ ప్రయత్నించేలా 'పర్సిస్ట్' ఆప్షన్ కూడా చేర్చాను. ఆ స్క్రిప్ట్‌ను మాత్రం ఇప్పటికీ నడవనిస్తున్నాను.